అల్లాయ్ చక్రాల టైర్లలో గాలి మెల్లగా దిగిపోతుంటే ఏం చేయాలి?

కృష్ణగిరి నుంచి హోసూరుకు వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి మీద కుందారపల్లి కూటురోడ్డు మన సరిహద్దు గ్రామాలకు వాకిలి వంటిది. వేపనపల్లి దిక్కు నుంచి వచ్చేవారు ఇక్కడే పెద్ద రోడ్డు ఎక్కుతారు. శుక్రవారం సంతకు మేకలు, గొర్రెల బేరానికి వచ్చేవారు, హోసూరు కర్మాగారాలలో షిఫ్టు పనికి పోయేవారు, కుప్పం వైపు బంధువుల ఇండ్లకు వెళ్లేవారు - అందరి ప్రయాణమూ నేడు మోటారుసైకిళ్ల మీదనో, చిన్న కార్లలోనో సాగుతున్నది. ఈ వాహనాలకు ఒకప్పుడు ఆకుల చక్రాలు, ఇనుప రిమ్ములు ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో అల్లాయ్ చక్రాలు, ట్యూబు లేని టైర్లు విరివిగా కనిపిస్తున్నాయి.

వీటితో పాటే ఒక కొత్త ఫిర్యాదు కూడా వచ్చింది. "మేకు లేదు, ముల్లు లేదు. పంచరు అంగడిలో చూపిస్తే టైరు బాగానే ఉందంటారు. అయినా నాలుగు రోజులకు ఒకసారి గాలి పట్టించక తప్పడం లేదు" అన్నది ఆ ఫిర్యాదు.

ఇటువంటప్పుడు చాలామంది చేసేవి రెండే పనులు. ఒకటి, గాలి పట్టించుకొంటూ రోజులు నెట్టడం. రెండవది, విసుగెత్తి టైరునే మార్చివేయడం. మొదటిది ప్రాణానికి, రెండవది చేతి సొమ్ముకు చేటు తెస్తుంది. అల్లాయ్ చక్రం విషయంలో గాలి పోయే దారి టైరులోనే ఉండాలన్న నియమం లేదు. వాల్వు దగ్గర ఉండవచ్చు, టైరూ చక్రమూ కలిసే అంచున ఉండవచ్చు, చక్రపు లోహంలోనే ఉండవచ్చు. ఆ చోటును కనిపెట్టకుండా చేసిన ఏ మరమ్మతూ నిలవదు. ఈ వ్యాసం చెప్పదలచినది ప్రధానంగా ఇదే.

ట్యూబు లేని టైరులో గాలిని ఆపేది ఏది?

పాత పద్ధతిలో గాలిని పట్టి ఉంచేది లోపలి ట్యూబు. టైరు దానికి కవచం మాత్రమే. 1947లో అమెరికాలోని గుడ్‌రిచ్ సంస్థ ట్యూబు అవసరం లేని టైరును ప్రకటించింది. ఈ టైరు లోపలి వైపున గాలిని సులభంగా పోనివ్వని బ్యూటైల్ జాతి రబ్బరు పొర ఉంటుంది. టైరు రెండు అంచులలోనూ ఉక్కు తీగల కట్ట ఉంటుంది. లోపలి గాలి ఒత్తిడికి ఆ అంచులు చక్రాన్ని గట్టిగా అదుముకొని కూర్చుంటాయి. గాలి బయటికి పోకుండా ఆపేది ఆ అదుమే. మెకానిక్కులు ఈ అంచును 'బీడు' అని పిలుస్తారు.

ఆకుల చక్రానికి ప్రతి ఆకు చివరా ఒక రంధ్రం ఉంటుంది కనుక సాధారణంగా అది ట్యూబు లేకుండా గాలిని నిలపలేదు. అల్లాయ్ చక్రమో, అల్యూమినియంలో సిలికాన్ వంటివి కలిపి ఒకే ముక్కగా పోత పోసినది. రంధ్రం అన్నది వాల్వుకు తప్ప మరెక్కడా ఉండదు. అందుకే అల్లాయ్ చక్రానికీ, ట్యూబు లేని టైరుకూ జత కుదిరింది. కానీ ఈ జతలో చక్రం కూడా గాలిసంచిలో ఒక గోడ అయిపోయింది. ఆ గోడకు తుప్పు పట్టినా, వంపు తిరిగినా, పగులు వచ్చినా టైరు ఎంత కొత్తదైనా గాలి నిలవదు.

ఎంత తగ్గితే లోపమని భావించాలి?

ఏ లోపమూ లేని టైరులో కూడా నెలకు 1 నుంచి 2 పీఎస్ఐ గాలి తగ్గడం సహజం. పంచరు అంగడిలో పౌండ్లు అనే లెక్క ఇదే. అంతకు మించి, వారానికి 3 పీఎస్ఐ తగ్గుతున్నా, మిగిలిన చక్రాలు బాగుండి ఒక్క చక్రమే ప్రతిసారీ తగ్గుతున్నా లోపం ఉన్నట్లే.

వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉష్ణోగ్రత 5, 6 సెల్సియస్ డిగ్రీలు పడిపోతే కారు టైరులో సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది. మధ్యాహ్నపు ఎండలో కొలిచిన గాలినీ, హోసూరు చలికాలపు తెల్లవారుజామున కొలిచిన గాలినీ పోల్చి లోపం ఉందనుకోవడం పొరపాటు. అలాగే రోడ్డు మీద చాలా దూరం నడిచిన టైరులో గాలి వేడెక్కి ఎక్కువ చూపుతుంది. అందువల్ల బండి కనీసం మూడు గంటలు నిలిచి ఉన్న తరువాత, ప్రతిసారీ ఇంచుమించు ఒకే వేళకు, ఒకే గేజీతో కొలవాలి. ఎంత గాలి ఉండాలో కారుకు డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద, మోటారుసైకిలుకు గొలుసు కవరు మీద గాని, బండితో ఇచ్చిన పుస్తకంలో గాని రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసిన సంఖ్య ఆ టైరు భరించగల గరిష్ఠ ఒత్తిడే గాని, మీ బండికి నింపవలసినది కాదు.

గాలి తక్కువైతే ముప్పు ఏమిటి?

గాలి తగ్గిన టైరు ప్రతి చుట్టుకూ పక్కభాగం దగ్గర ఎక్కువగా నలుగుతుంది. నలిగిన కొద్దీ వేడెక్కుతుంది. ఊరి రోడ్డు మీద మెల్లగా పోయేటప్పుడు ఇది తెలియదు. చైత్ర, వైశాఖ మాసాల ఎండలో ఇంటిల్లిపాదీ కూర్చున్న కారు పెద్ద రోడ్డు మీద వేగం అందుకొన్నప్పుడు, వేడెక్కిన రబ్బరు పొరలు విడిపోయి టైరు ఒక్కసారిగా పేలవచ్చు. మోటారుసైకిలుకు ముందు చక్రంలో గాలి పోతే హ్యాండిలు అదుపు తప్పుతుంది. వెనుక పాలక్యాన్లో, భార్యాబిడ్డలో ఉన్నప్పుడు దాన్ని నిలదొక్కుకోవడం ఎంతటి అనుభవజ్ఞునికైనా కష్టం. చిన్న లీకే కదా అన్న నిర్లక్ష్యం పనికిరానిది అందుకే.

గాలి పోయే చోటును కనిపెట్టే విధానం

దీనికి కావలసినవి ఒక గిన్నెడు నీరు, కొంచెం గిన్నెలు తోమే సబ్బు, ఒక కుంచె, ఒక సుద్దముక్క. ముందుగా టైరులో సరిపడా గాలి నింపాలి. సబ్బునీటిని చిక్కగా కలిపి ఈ వరుసలో పూయాలి.

1. వాల్వు మూత తీసి, వాల్వు నోటిలో ఒక చుక్క వేయాలి. బుడగ ఉబ్బితే లోపలి పిన్ను లోపం.

2. వాల్వు మొదట్లో, అది చక్రంలోకి దిగే చోట పూయాలి. వాల్వును వేలితో అటూ ఇటూ కొంచెం వంచి చూడాలి. వంచినప్పుడే బుడగలు వస్తే రబ్బరు పగిలిందని అర్థం.

3. నేలను తాకే భాగం చుట్టూ పూయాలి. ఇక్కడ మేకులు, తీగముక్కలు, పదునైన రాతి చెక్కలు దిగబడి ఉండవచ్చు.

4. టైరు పక్కభాగాలు చూడాలి.

5. టైరూ చక్రమూ కలిసే అంచున రెండు వైపులా పూయాలి. బయటి వైపు మాత్రమే చూసి వదలరాదు. కారు చక్రాన్ని విప్పితే తప్ప లోపలి వైపు కనిపించదు. లోపం ఎక్కువగా దాగేది అక్కడే.

6. చివరగా చక్రపు లోహం మీద, కమ్మీలు మొదలయ్యే చోట్ల, లోపలి గుండ్రని గోడ మీద పూయాలి.

మెల్లని లీకులో పెద్ద బుడగలు రావు. నాలుగైదు నిమిషాలు ఓపిక పడితే ఆవగింజలంత బుడగలు తెల్లని నురుగు గీతలా పేరుకొంటాయి. కనిపించిన చోట టైరు మీదా, చక్రం మీదా ఎదురెదురుగా సుద్దతో గుర్తు పెట్టాలి. టైరు విప్పిన తరువాత లోపం టైరు అంచులో ఉన్నదా, చక్రంలో ఉన్నదా అని తేల్చుకోవడానికి ఈ గుర్తే ఆధారం. సబ్బునీటితో తేలకపోతే పంచరు అంగడిలోని నీటి తొట్టిలో చక్రాన్ని పూర్తిగా ముంచి చూపించుకోవాలి.

కారణాలు, మరమ్మతులు

వాల్వు: అన్నిటికంటే చవకగా తీరే లోపం ఇది. లోపలి పిన్ను వదులైతే బిగిస్తే చాలు. పాడైతే కొత్తది వేయాలి. వాల్వు రబ్బరు ఎండకు బిరుసెక్కి చీలితే వాల్వునే మార్చాలి. టైరు మార్చిన ప్రతిసారీ రబ్బరు వాల్వును కూడా మార్చడం మంచి అలవాటు. దాని ధర టైరు ధర ముందు లెక్కలోకి రానిది. గాలి ఒత్తిడిని తెలిపే సెన్సారు ఉన్న కార్లలో వాల్వు లోహంతో ఉంటే, దానికి నికెల్ పూత ఉన్న పిన్నునే వాడాలి. మామూలు ఇత్తడి పిన్ను అల్యూమినియం వాల్వులో తుప్పుతో బిగుసుకుపోతుంది.

తెల్ల తుప్పు: ఇనుముకు పట్టేది ఎర్ర తుప్పు. అల్యూమినియానికి పట్టేది తెల్లని పొడి వంటి తుప్పు. టైరు అంచు కూర్చునే చోట రంగు పూత గీసుకుపోతే, అక్కడ తేమ చేరి ఈ తుప్పు మొదలవుతుంది. అది పూత కిందుగా పాకుతూ ఉబ్బి, టైరు అంచును అక్కడక్కడా పైకి లేపుతుంది. ఆ సందుల నుంచి గాలి పోతుంది. నాలుగైదేళ్లు నడిచిన చక్రంలో మేకు లేకుండా గాలి పోతుంటే మొదట అనుమానించవలసినది దీనినే. మరమ్మతు ఇలా జరగాలి.

- గాలి పూర్తిగా తీసి, వాల్వు పిన్ను విప్పాలి. టైరును యంత్రం మీదనే విప్పించాలి. గడ్డపార, సుత్తితో ఊడదీస్తే మెత్తని అల్లాయ్ అంచుకు సొట్ట పడి కొత్త లీకు తయారవుతుంది.

- అంచు కూర్చునే చోటును చుట్టూ నైలాన్ కుంచెతోనో, స్టీలు గిన్నెలు తోమే పచ్చ పీచుతోనో, ఆపైన సన్నని ఎమరీ కాగితంతోనో తెల్ల పొడి పోయి నున్నగా అయ్యే వరకు రుద్దాలి. మామూలు ఇనుప కుంచె వాడరాదు. దాని ఇనుప రజను అల్యూమినియంలో దిగబడి తుప్పును మళ్లీ పెంచుతుంది. లోహం అరిగిపోయేలా గ్రైండరు పెట్టనివ్వరాదు.

- ఎండు గుడ్డతో తుడవాలి. లోహం బయటపడిన చోట అల్యూమినియానికి తగిన ప్రైమరు పలుచగా వేసి ఆరనివ్వాలి.

- టైరు అంచును కూడా పరిశీలించాలి. అంటుకొన్న పొడి, పాత రబ్బరు తుడిచివేయాలి. అంచు చిరిగి తీగ బయటపడి ఉంటే ఆ టైరు ఇక పనికిరాదు.

- చిన్న చిన్న గుంటలు మిగిలితే అంచు కోసమే తయారైన బీడు సీలరును పలుచగా పూయవచ్చు. శుభ్రం చేయకుండా తుప్పు మీదనే సీలరు పూస్తే కొద్ది నెలలకే లీకు తిరిగి వస్తుంది.

- టైరు ఎక్కించేటప్పుడు టైరు సబ్బునే రాయాలి. డీజిలు, ఇంజను ఆయిలు, గ్రీజు రబ్బరును పాడుచేస్తాయి.

- గాలి నింపేటప్పుడు రెండు అంచులూ 'టప్' మని శబ్దం చేసి కూర్చుంటాయి. 40 పీఎస్ఐ దాటినా కూర్చోకపోతే ఆపి, గాలి తీసి, మళ్లీ సబ్బు రాసి ప్రయత్నించాలే తప్ప ఒత్తిడి పెంచుకొంటూ పోరాదు. ఆ సమయంలో ఎవరూ చక్రం మీదికి వంగి ఉండరాదు. పెట్రోలు చల్లి నిప్పు పెట్టి అంచును కూర్చోబెట్టే సాహసాన్ని ఎవరు చేయబోయినా నివారించాలి.

- చివరగా సబ్బునీటితో మరోసారి పరీక్షించి, కారు చక్రానికి బ్యాలెన్సింగు చేయించి బిగించాలి.

వంపు: గుంతలో వేగంగా పడినా, రాయి తగిలినా చక్రపు అంచు వంగుతుంది. ఇనుప రిమ్ములా సుత్తితో కొట్టి సరిచేయడం ఇక్కడ కుదరదు. అల్లాయ్ చక్రానికి తయారీలోనే వేడి ప్రక్రియ ద్వారా బలం ఇస్తారు. మంట పెట్టి వంచితే ఆ బలం పోతుంది. కారు చక్రపు వెలుపలి అంచులో స్వల్పమైన వంపును తగిన యంత్రాలున్న చోట సరిచేయించుకోవచ్చు. మోటారుసైకిలు చక్రం వంగితే మార్చడమే క్షేమం.

పగులు, సూక్ష్మరంధ్రాలు: లోపలి గోడ మీద వెంట్రుకలాంటి గీత కనిపించి, దాని మీద సబ్బునీరు నురుగు కడితే అది పగులు. దానికి వెల్డింగు చేయిస్తామనే మాట వినరాదు. వెల్డింగు వేడికి చుట్టూ ఉన్న లోహం బలహీనపడి, పగులు పక్కనే మళ్లీ తెరుచుకొంటుంది. చక్రం మార్చవలసినదే. పగులు లేకుండా లోహం మధ్య నుంచే సన్నని బుడగలు వస్తే అది పోతలో మిగిలిన సూక్ష్మరంధ్రం. బండి కొత్తదైతే వారంటీ కింద చక్రం మార్చమని అడగాలి.

మేకు: నేలను తాకే భాగంలో, 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రమైతే బాగు చేయవచ్చు. రోడ్డు పక్కన టైరు విప్పకుండా దూర్చే పట్టీ తాత్కాలికం. టైరు విప్పి లోపలి నుంచి వేసే మష్రూమ్ ప్యాచ్ నమ్మదగినది. విప్పినప్పుడు లోపలి గోడలు నలిగి రబ్బరు పొడి రాలి ఉంటే, గాలి లేకుండా నడిచిన టైరు అది. దానిని వాడరాదు. పక్కభాగంలో రంధ్రం పడిన టైరుకు మరమ్మతు లేదు.

జత కుదరని టైరు: అల్లాయ్ చక్రమైనంత మాత్రాన అది ట్యూబు లేని టైరుకు తగినదని కాదు. పాత మోటారుసైకిళ్లలో కొన్ని అల్లాయ్ చక్రాలు ట్యూబు టైరు కోసమే తయారయ్యాయి. ట్యూబు లేని టైరు అంచు జారకుండా ఆపే చిన్న గట్టు వాటికి ఉండకపోవచ్చు. పాత బండి కొనేటప్పుడు టైరు మీదనే కాక చక్రం మీద కూడా 'ట్యూబ్‌లెస్' అని ఉన్నదేమో చూడాలి. కొత్త చక్రం కొనవలసి వస్తే ఐఎస్ఐ గుర్తు ఉన్నదానినే అడగాలి. ద్విచక్ర వాహనాల చక్రాలకు ఐఎస్ 16192, కార్ల చక్రాలకు ఐఎస్ 9436 ప్రమాణాలు.

దగ్గరి దారులు మేలు చేస్తాయా?

లోపల ట్యూబు వేయడం: మన అంగళ్లలో తరచుగా ఇచ్చే సలహా ఇది. ట్యూబు లేని టైరు లోపలి ముఖం ట్యూబు కోసం నున్నగా చేసినది కాదు. ట్యూబు దానికి రాసుకొని వేడెక్కుతుంది. మేకు దిగితే ట్యూబులోని గాలి ఒక్క క్షణంలో పోతుంది. పైగా పగిలిన చక్రాన్ని ఈ పద్ధతి కప్పిపుచ్చుతుంది. దారిలో చిక్కుకొన్నప్పుడు మెల్లగా ఇల్లు చేరడానికి తప్ప దీనిని నమ్ముకోరాదు.

సీలెంటు ద్రవం పోయడం: చిన్న మేకు రంధ్రాన్ని ఇది మూయగలదు. టైరు తిరిగేటప్పుడు ద్రవం నేలను తాకే భాగం వైపుకే చేరుతుంది కనుక అంచు లీకునూ, వాల్వు లీకునూ ఆపుతుందన్న నమ్మకం లేదు. వాల్వు పిన్ను అంటుకుపోవడం, చక్రం తూకం చెడడం అదనపు నష్టాలు. పోసి ఉంటే టైరు విప్పే ముందు మెకానిక్కుకు చెప్పాలి.

నైట్రోజన్ నింపడం: మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉన్నది. చిల్లు ఉన్న కుండలో ఏ నీరు పోసినా కారక మానదు.

మన ఇండ్ల దగ్గర చక్రాన్ని పాడుచేసేవి

పశువుల పంచితం, పేడ నీరు అల్యూమినియాన్ని తింటాయి. ఎంతోమంది బండిని పశువుల కొట్టంలోనే నిలుపుతారు. వీలైనంత వరకు వేరుగా నిలపాలి. సున్నం, తడి సిమెంటు చక్రానికి అంటితే ఆరకముందే కడగాలి. చక్రం మెరవాలని బాత్‌రూము ఆసిడ్‌తో రుద్దడం పూతను చంపివేయడమే. ఉప్పు ఎక్కువగా ఉన్న బోరునీటితో కడిగితే గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. పొలం నుంచి వచ్చిన బురద అంచు సందులలో రోజుల తరబడి నిలవరాదు. కారు చక్రానికి బ్యాలెన్సింగు కోసం ఇనుప కొక్కెం తూకాలు కాక, లోపల అతికించే తూకాలు వేయించుకోవాలి. కొక్కెం గీసిన చోటే తుప్పుకు మొదటి తలుపు.

అల్లాయ్ చక్రాల నట్టులు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నవాటిని వరుసగా బిగించాలి. గాలి గన్నుతో బిగదీసి వదలక, కంపెనీ పుస్తకంలో చెప్పిన టార్కుకు టార్కు స్పానరుతో బిగించమని అడగాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరొకసారి చూడాలి.

స్టెప్నీ లేని కార్లవారు గమనించవలసినది

కేంద్ర ప్రభుత్వం 2020 జూలైలో మోటారు వాహనాల నియమాలను సవరించింది. దాని ప్రకారం ట్యూబు లేని టైర్లు, గాలి ఒత్తిడి తెలిపే ఏర్పాటు, పంచరు సరిచేసే కిట్టు ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదు. ఆ కిట్టు పనికివచ్చేది చిన్న మేకు పంచరుకే. అంచు లీకు, పగిలిన చక్రం దాని చేతికి లొంగవు. అటువంటి కారున్నవారు మెల్లని లీకును ఇంటి దగ్గర ఉండగానే సరిచేయించుకోవాలి. అర్ధరాత్రి పిల్లలతో పెద్ద రోడ్డు పక్కన నిలిచినప్పుడు ఆ కిట్టు ఆదుకొంటుందని భరోసా పడరాదు.

ముఖ్యాంశాలు

- వారానికి 3 పీఎస్ఐ తగ్గితే గాలి నింపి ఊరుకోవద్దు, కారణం వెదకండి.
- వాల్వు, నేలను తాకే భాగం, రెండు అంచులు, చక్రపు లోహం - ఈ వరుసలో సబ్బునీటితో చూడండి.
- లోపం కంటితో చూసిన తరువాతే మరమ్మతుకు ఒప్పుకోండి.
- తెల్ల తుప్పును శుభ్రం చేస్తే చక్రం నిలుస్తుంది. పగిలిన చక్రం నిలవదు.
- టైరును యంత్రం మీదనే విప్పించండి.
- నెలకు రెండుసార్లు, దూర ప్రయాణానికి ముందు తప్పనిసరిగా, చల్లని టైరులో గాలి కొలవండి.

గాలి కొలిచే గేజీ ఇంట్లో ఒకటి ఉంటే ఎన్నో ఏళ్లు పనికివస్తుంది. బండి నడిపేవారే కాక ఇంట్లో ఉన్నవారు, చదువుకొనే పిల్లలు సైతం ఈ పరీక్ష చేయగలరు. శుక్రవారం సంతకు బయలుదేరే ముందు వాకిట్లో వెచ్చించే పది నిమిషాలు కుందారపల్లి కూటురోడ్డు దాటిన తరువాత మొత్తం కుటుంబానికి రక్షణ అవుతాయి.